జెండా వేరైతే సంతకం పెట్టకూడదా?



ఈ వారం వీడియోలో ఘోషయాత్ర కథ చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో ఒక విషయం వదిలేశాను. అది భారతంలో ఎంత ఉందో, ఇప్పుడు మన ఇళ్ళలోనూ అంతే ఉంది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామందికి పాతికా ముప్ఫై ఏళ్ళుంటాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం. ఊళ్ళో అమ్మానాన్నలు, తాతయ్యా అమ్మమ్మా. నాన్నగారు రిటైరై రెండు మూడేళ్ళు అయ్యుంటుంది. ఆ ఊళ్ళో పెన్షనర్ల సంఘమో, సీనియర్ సిటిజన్ల సంఘమో ఒకటి ఉంటుంది. "చేరండి నాన్నా, నలుగురితో కలిసినట్టుంటుంది" అని మనం అంటాం. ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "అదంతా ఆ పార్టీ వాళ్ళదిరా. నాకొద్దు."

ఆ పార్టీ ఏదన్నది ఇంటిని బట్టి మారుతుంది. సంఘం కార్యదర్శి ఎర్రజెండా మనిషి అయితే, పూజ కానిదే కాఫీ ముట్టని పెద్దాయన "దేవుడే లేడనేవాడి పక్కన నేనెందుకు కూర్చోవాలి" అంటారు. ఇంకో ఇంట్లో తాతయ్యే పాత యూనియన్ మనిషి. కాలనీ సీనియర్ సిటిజన్లు గుడి మండపంలో మీటింగ్ పెట్టుకుంటారని ఆయన అటు వెళ్ళరు. ఇంకొకరికి కులం అడ్డం వస్తుంది, ఇంకొకరికి ముప్ఫై ఏళ్ళ కిందటి ఆఫీసు గొడవ అడ్డం వస్తుంది.

మరి చేరాలా, వద్దా? రాజకీయంగా సరిపడని వాళ్ళతో కలిసి పెద్దవాళ్ళు ఒక సంఘంలో ఉండటం ధర్మమా, లేక మనసు చంపుకోవడమా?

వద్దనేవాళ్ళ మాటలో బలం

ముందు ఒక మాట. చేరనంటున్న పెద్దాయనది మొండితనం అని తేలిగ్గా తీసిపారేయకండి. ఆయన వాదనలో బలం ఉంది.

సంఘం కలెక్టరుకో మంత్రికో వినతిపత్రం ఇచ్చేటప్పుడు "మా సభ్యులు ఇంతమంది" అని రాస్తుంది. ఆ అంకెలో నాన్నగారు కూడా ఒకరు. రేపు అదే నాయకుడు అదే అంకె పట్టుకుని ఒక పార్టీ వేదిక ఎక్కి, "ఇంతమంది పెద్దలు మీ వెనకే ఉన్నారు" అంటే? నాన్నగారి పేరు ఆయన్ని అడగకుండానే ఓటు బ్యాంకులో జమైపోయింది. పెట్టిన సంతకం పెన్షన్ కోసం, వాడుకున్నది ఇంకోదానికోసం. ఇలా జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పైగా అరవై ఐదేళ్ళు బతికి, కొన్ని విలువలు పట్టుకుని నిలబడ్డ మనిషికి తన పేరే ఆస్తి. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో ఆలోచించుకునే హక్కు ఆయనకుంది. ఇంత ఒప్పుకున్నాకే మిగతాది మాట్లాడుకోవాలి.

అసలు ఆ సంఘాలు చేసేదేంటి?

మనలో చాలామందికి ఇది తెలియదు. ఏడాదికోసారి శాలువాలు కప్పుకునే సభ అనుకుంటాం. ఆ సభ కూడా ఎందుకు పుట్టిందో చూద్దాం.

డిసెంబర్ 17న దేశమంతా పెన్షనర్ల దినం జరుపుకుంటారు. 1982లో అదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. డి.ఎస్. నకారా రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరైన అధికారి. 1979లో కేంద్రం పెన్షన్ లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరిచింది. కానీ 1979 మార్చి 31న, ఆ తర్వాత రిటైరైనవాళ్ళకే వర్తిస్తుందని గీత గీసింది. ఒక్కరోజు ముందు రిటైరైనవాడికి పాత లెక్కే. నకారా గారితో పాటు సైన్యం నుంచి రిటైరైన ఒకరు, కామన్ కాజ్ అనే సంస్థ కలిసి కోర్టుకెళ్ళారు. ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, ఒకే రకం మనుషుల్ని ఒక తేదీ పెట్టి ఇలా రెండుగా చీల్చడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు వచ్చే హక్కని చెప్పింది.

ఆ తీర్పు వల్ల లాభపడ్డ పెన్షనర్లలో అన్ని పార్టీలకు ఓటేసినవాళ్ళూ ఉన్నారు. ఆ కేసు వేసినవాళ్ళని ఏనాడూ పట్టించుకోనివాళ్ళూ ఉన్నారు. తేదీ పెట్టి పెన్షనర్లని చీల్చకూడదని కోర్టు చెప్పింది. ఇప్పుడు జెండా పెట్టి తమని తామే చీల్చుకుంటున్నారు.

ఇక రోజువారీ పనులు. ఏటా నవంబర్ వచ్చిందంటే కేంద్ర పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో ఇంటి దగ్గరే ఇవ్వొచ్చు. కానీ డెబ్భై ఐదేళ్ళ వేళ్ళు అరిగిపోయి మెషిన్ పట్టదు. అప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఉందని చెప్పి, పక్కన కూర్చుని చేయించే మనిషి కావాలి. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కి వెళ్ళిన ఆవిడకి సర్వీసు రికార్డులో పేరు "లక్ష్మి" అని, ఆధార్‌లో "మహాలక్ష్మి" అని ఉంటుంది. ఆ ఒక్క తేడాకి ఫైలు నెలల తరబడి కదలదు. ట్రెజరీ ఆఫీసులో ఏ సీటు దగ్గరికి వెళ్ళాలో, ఏ కాగితం జత చేయాలో ఆవిడకి తెలియదు. సంఘంలో ఒక రిటైర్డ్ క్లర్కుకి తెలుసు.

చట్టం కూడా సంఘాల్ని గుర్తించింది. 2007లో తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే అరవై దాటిన తల్లో తండ్రో ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. మన దగ్గర ఆర్డీవో ముందుకి వెళ్తుంది ఆ అర్జీ. ఆ చట్టం ప్రకారం నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించవచ్చు. చూసుకుంటాననే షరతు మీద ఆస్తి రాయించుకుని తర్వాత వదిలేస్తే ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించవచ్చు. ఇందులో ఇంకో మాట కూడా ఉంది. ఆ పెద్దమనిషి తనంతట తాను అర్జీ పెట్టుకోలేని స్థితిలో ఉంటే, ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గానీ, రిజిస్టరైన స్వచ్ఛంద సంఘం గానీ ఆయన తరఫున పెట్టవచ్చు. కన్నకొడుకు మీద తల్లి ఒంటరిగా ఆఫీసు మెట్లెక్కలేదని చట్టం రాసినవాళ్ళకి తెలుసు అన్నమాట.

పంతం నాది, ఖర్చు ఎవరిది?

మా పెదనాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకొచ్చేది ఈపీఎస్-95 పెన్షన్. 1995 నవంబర్‌లో మొదలైన పథకం అది. 2014 సెప్టెంబర్‌లో దానికి కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలని పెట్టారు. ఆ తర్వాత పదేళ్ళు దాటినా కనీసం అదే అంకె. ఈపీఎస్ పెన్షన్‌కి కరువుభత్యం లేదు కాబట్టి ధరలు పెరిగినా అది పెరగదు. కనీస పెన్షన్ 7,500 చేసి, దానికి కరువుభత్యం కలపాలని ఏళ్ళుగా ఆ పెన్షనర్లు అడుగుతున్నారు. 1,000 రూపాయల నిర్ణయం ఒక ప్రభుత్వం ఉన్నప్పుడు తీసుకుంటే, అమలు ఇంకో ప్రభుత్వం వచ్చాక జరిగింది. పెంచమనే అర్జీ పార్టీలన్నిటి గుమ్మాలూ తొక్కింది.

పెదనాన్నగారికీ వాళ్ళ సంఘం కార్యదర్శికీ రాజకీయాల్లో ఉప్పూ నిప్పూ. ఎన్నికలప్పుడు టీ కొట్టు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కార్యదర్శి పక్కా నాస్తికుడు. మా పెదనాన్నగారు కార్తీకమాసమంతా ఒంటిపూట భోజనం. అయినా ప్రతి ధర్నాకీ బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని వెళ్తారు. ఎలా పొసుగుతుంది పెదనాన్నా అని ఒకసారి అడిగాను. "వాడి ఓటు వాడిది, నా ఓటు నాదిరా. పెన్షన్ మటుకు ఇద్దరికీ ఒకే ఆఫీసు నుంచి వస్తుంది" అన్నారు.

ఆ కార్యదర్శే రైల్వే రాయితీ కోసం ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించారు. అరవై దాటిన మగవాళ్ళకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకి 50 శాతం టికెట్టులో రాయితీ ఉండేది. 2020 మార్చిలో కోవిడ్ సమయంలో ఆపేశారు. రైళ్ళు మళ్ళీ మామూలుగా తిరగడం మొదలైనా ఆ రాయితీ తిరిగి రాలేదు. ఈ రాయితీ వస్తే వాడుకునేదెవరు? కాశీకి, తిరుపతికి, రామేశ్వరానికి వెళ్ళే మన అమ్మమ్మలే. దేవుణ్ణి నమ్మని మనిషి మన యాత్ర టికెట్టు కోసం మెట్లెక్కి దిగుతుంటే, దేవుణ్ణి నమ్మినవాళ్ళం ఆయన జెండా చూసి తలుపేసుకోవడం ఏం భక్తి?

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. "నాకు ఆ పార్టీ పడదు, చేరను" అనగలిగేవాళ్ళలో చాలామందికి సంఘం అవసరం పెద్దగా లేదు. మంచి పెన్షన్ వస్తుంది. పిల్లలు సంపాదిస్తున్నారు. ఆన్‌లైన్‌లో పనులు చేసిపెట్టే మనవడున్నాడు. వాళ్ళు దూరంగా ఉంటే వాళ్ళకి పోయేదేమీ లేదు. పోయేది వెయ్యి రూపాయల పెన్షన్‌దారుడికి, "మహాలక్ష్మి" పేరు సరిచేయించుకోలేని ఆవిడకి, కొడుకు ఇంట్లోంచి గెంటేసిన తల్లికి. చదువుకున్నవాళ్ళు, ఆఫీసు భాష తెలిసినవాళ్ళు, అధికారి ముందు కుర్చీ లాక్కుని కూర్చోగలిగినవాళ్ళు సంఘంలో లేకపోతే, ఆ సంఘం మాట వినేవాడుండడు. పంతం ఒకరిది, దాని ఖర్చు కట్టేది ఇంకొకరు. ధర్మం తూచేటప్పుడు నా మనసు ఎంత శుభ్రంగా ఉందనేది ఒక్కటే చూసుకుంటే చాలదు. నేను పక్కకి తప్పుకుంటే బరువు ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూడాలి.

ధర్మరాజు ఏం చేశాడు?

ఇప్పుడు ఘోషయాత్రకి వద్దాం. అరణ్యపర్వంలో కథ ఇది. మన తెలుగు భారతంలో ఎఱ్ఱన రాసిన భాగంలో వస్తుంది. అడవిలో పాండవులు పడుతున్న కష్టం చూసి ఆనందించడానికి, ఆవుల మందల్ని లెక్కపెట్టే నెపంతో దుర్యోధనుడు ద్వైతవనానికి వస్తాడు. అక్కడ గంధర్వులతో గొడవపడతాడు. కర్ణుడు ఓడిపోయి తప్పుకుంటాడు. చిత్రసేనుడు దుర్యోధనుణ్ణి, అంతఃపుర స్త్రీలతో సహా బంధించి తీసుకుపోతాడు. మిగిలినవాళ్ళు పరిగెత్తుకొచ్చి ధర్మరాజు కాళ్ళ మీద పడతారు.

భీముడు సంతోషపడ్డాడు. మనం చేయాల్సిన పని గంధర్వులు చేసిపెట్టారన్నాడు. మనలో ఎవరున్నా అదే అంటాం. ధర్మరాజు ఒప్పుకోలేదు. ఇంట్లో తగువులు ఇంట్లోవే, బయటివాడు మీదికొస్తే మనమూ వాళ్ళూ ఒకే లెక్క అన్నాడు. శరణు వచ్చినవాళ్ళని వదలకూడదన్నాడు. భీమార్జున నకుల సహదేవులు వెళ్ళి విడిపించారు.

వీడియోలో నేను వదిలేసింది ఆ తర్వాతి భాగం. ఆ సాయం వల్ల శత్రుత్వం పోలేదు. దుర్యోధనుడు మారలేదు. పైగా సిగ్గుతో ప్రాయోపవేశానికి సిద్ధపడి, తర్వాత లేచి మళ్ళీ పాత దారే పట్టాడు. ధర్మరాజు కూడా తన వాటా రాజ్యం వదులుకోలేదు. జరగాల్సిన యుద్ధం జరిగింది. అంటే, ఒక పనిలో కలిసి నిలబడటానికి మిగతావాటిల్లో రాజీపడక్కర్లేదు. దుర్యోధనుడితో చేయి కలిపితే తన పక్షం బలహీనపడుతుందని ధర్మరాజు భయపడలేదు. తన పక్షం ఏమిటో ఆయనకి స్పష్టంగా తెలుసు. పెన్షన్ వినతిపత్రం మీద ఒక నాస్తికుడి పక్కన సంతకం పెడితే కరిగిపోయేంత పలచన భక్తి ఎవరిదైనా ఉంటే, వాళ్ళు సర్దుకోవాల్సింది భక్తినే.

కలిసి పనిచేయడం అనగానే చాలామంది క్షీరసాగర మథనం చెప్తారు. దేవతలూ రాక్షసులూ కలిసి చిలికారు కదా అని. నాకు ఆ ఉదాహరణ ఇక్కడ సరిపోదనిపిస్తుంది. చిలికింది ఇద్దరూ, అమృతం అందింది ఒకరికే. దాని వెనక కారణాలు వేరు, అది వేరే చర్చ. కానీ సంఘంలో చేరడానికి జంకే పెద్దాయన భయం సరిగ్గా అదే. తాడు లాగేటప్పుడు అందరూ కావాలి, పంచేటప్పుడు నాయకుడి పార్టీకే పేరు. కాబట్టి చేరేముందు అడగాల్సినవి అడగాలి.

ఏం చూసి చేరాలి, ఎప్పుడు బయటికి రావాలి?

నేనైతే నాలుగు చూడమంటాను. ఒకటి, చందా లెక్కలు ఏటా సభ్యుల ముందు పెడతారా లేదా. రెండు, తమకి నచ్చిన పార్టీ అధికారంలో ఉన్నప్పుడు కూడా ఇదే గట్టిగా అడిగారా లేదా. ఇది అసలు పరీక్ష. మనవాళ్ళ ప్రభుత్వం రాగానే ధర్నాలు ఆగిపోయి సన్మానాలు మొదలైతే అది సంఘం కాదు, పార్టీ శాఖ. మూడు, సభలో లేచి ఒప్పుకోనని చెప్పినవాడి పేరు ఆ తర్వాత కూడా జాబితాలో ఉంటుందా. నాలుగు, ఎన్నికలప్పుడు సంఘం వేదిక మీద అభ్యర్థులు కూర్చుంటున్నారా.

నాలుగింటికీ మంచి జవాబు రావడం కష్టమే. మొదటి మూడూ బాగుండి నాలుగోది తప్పితే, లోపల ఉండి అడ్డుచెప్పమంటాను. ఇక్కడ వికర్ణుణ్ణి గుర్తుచేసుకోవాలి. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చినప్పుడు భీష్మద్రోణులంతటివాళ్ళు కూర్చునే ఉన్నారు. దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు లేచి ఇది ధర్మం కాదన్నాడు. విదురుడూ అన్నాడు. ఒక సభలో కూర్చోవడం తప్పు కాదు. అన్యాయం జరుగుతున్నప్పుడు నోరుమూసుకుని కూర్చోవడం తప్పు. "పెన్షన్ అర్జీ మీద నా పేరుండాలి, పార్టీ కరపత్రం మీద ఉండకూడదు, ఈ మాట మినిట్స్‌లో రాయండి" అని ఒక పెద్దాయన లేచి అంటే, చాలాసార్లు ఆ ఒక్క మాటకే సంఘం సర్దుకుంటుంది. అలా అనే మనిషి లేకపోవడం వల్లే నాయకుడికి అలుసు.

వికర్ణుడి కథలో ఇంకో సగం కూడా ఉంది. అంత మాట అన్నవాడు అదే పక్షాన నిలబడి యుద్ధంలో భీముడి చేతిలో చనిపోయాడు. భీముడే బాధపడ్డాడు. కాబట్టి లోపల ఉండి చెప్పడానికీ ఒక హద్దుంది. సంఘం ఒక మతాన్నో కులాన్నో తిట్టడానికి వేదికైతే, లెక్కలు దాచితే, సాయానికొచ్చిన వితంతువుని ముందు నీ ఓటెవరికని అడిగితే, బయటికి రావాల్సిందే. వచ్చి ఇంట్లో కూర్చోకుండా, ఇంకో నలుగురితో కలిసి అదే పని ఇంకోచోట మొదలుపెట్టాలి. ఆ వెయ్యి రూపాయల మనిషి అవసరం మన అలకతో తీరిపోదు కదా.

అసలు సభ్యత్వమే వద్దనుకునే పెద్దవాళ్ళూ ఉంటారు. వాళ్ళని బలవంతపెట్టకండి. చేరకుండానే ఒక్క అర్జీ మీద సంతకం పెట్టొచ్చు. నవంబర్‌లో నాలుగు రోజులు సంఘం ఆఫీసులో కూర్చుని లైఫ్ సర్టిఫికెట్లకి సాయం చేయొచ్చు. సర్వీసంతా ఫైళ్ళు చూసిన మనిషి ఒక పూట ఒక ఫైలు సరిచేసినా అది పూజే.

ఇక మన సంగతి

పెద్దవాళ్ళకి ఇంత చెప్పేముందు మనం చూసుకోవాల్సినది ఒకటుంది. నాన్నగారు పక్కింటాయనతో మాట్లాడటం మానేసింది ఫ్యామిలీ గ్రూపులో ఏదో వీడియో చూశాక అయితే, ఆ వీడియో పంపింది మనమేనేమో చూసుకోవాలి. మనకి రాజకీయం ఫోన్‌లో ఉంటుంది. స్క్రీన్ ఆపేస్తే పోతుంది. వాళ్ళకి అది రోజూ వాకింగ్‌కి వెళ్ళే పార్కులో, టీ కొట్టులో, గుడి అరుగు మీద ఉంటుంది. ఒక స్నేహం పోతే ఆ వయసులో ఇంకోటి దొరకడం కష్టం.

ఈసారి ఊరెళ్ళినప్పుడు నాన్నగారిని సంఘంలో చేరమని అడగకండి. ఆ సంఘం ఈ ఏడాది ఇచ్చిన వినతిపత్రం ఒకటి తెచ్చి ఆయన చేతికివ్వండి. పైన ఎవరి పేరుందో పక్కనపెట్టి, కింద ఏం అడిగారో చదవమనండి. అడిగినదాంట్లో అన్యాయం ఉంటే సంతకం వద్దు. న్యాయం ఉంటే, ఆయనతో పాటు వెళ్ళండి. మొదటి రోజు ఆ గది గుమ్మం దాటడమే పెద్దవాళ్ళకి కష్టం. బండి మీద తీసుకెళ్ళి ఓ అరగంట పక్కన కూర్చుంటే చాలు.

వచ్చే వారం విదురుడి గురించి మాట్లాడుకుందాం. అంతవరకూ సెలవు.